నడుముకు నవారు, చెట్టుకు మోకు

ఈ నెల మనకు వచ్చిన ఉత్తరాలలో ఒకటి లక్సెట్టిపేట దగ్గిరి పల్లె నుంచి వచ్చింది. రాసినవాడు ఏడో తరగతి చదువుతున్నాడు. తాను మాట్లాడినట్టే రాశాడు కనక ఉత్తరాన్ని దిద్దకుండా ఇస్తున్నాను:

"మామయ్యా, ఈ చలికాలంల మా బడిపిల్లలను కవ్వాల్ అడవికి తీసుకపోతున్నరు. రెండు రోజులు నడక. గట్టి బెల్టు తెచ్చుకోవాలని సారు చెప్పిండు. అంగట్ల తోలువి ఉన్నయి, ప్లాస్టికువి ఉన్నయి, నవారు లెక్క నేసినవి ఉన్నయి. ఏది కొనాలె? మా బాపు తాటిచెట్లు ఎక్కుతడు. 'నా మోకు ముందల గీ బెల్టులు ఎంత?' అని నవ్వుతడు. సర్కారోళ్ళు ఇచ్చిన కొత్త పట్టీలు మాత్రం ఇంట్లనే గోడకు తగిలేసిండు. అవి వేసుకుంటే నాలుగు చెట్లు ఎక్కేసరికే పొద్దు గూకుతదంటడు. మోకు గట్టిదా, బెల్టు గట్టిదా?"

పిల్లలూ, ఈ ఉత్తరంలో పైకి రెండు ప్రశ్నలే కనిపిస్తాయి. జాగ్రత్తగా చదివితే మూడోది కూడా ఉన్నది. బాపు ఆ పట్టీలు వేసుకోకపోతే ఏమవుతుంది? అబ్బాయి ఆ మాట అడగలేదు గాని, అడగాలనే ఉత్తరం రాశాడని నాకు తోచింది. మొదట బెల్టు సంగతి తేల్చుకుని అక్కడికి వద్దాం.

"నవారు లెక్క నేసినవి" అన్నాడు చూశారా, అది సరి అయిన మాట. నవారు మంచం మీరంతా ఎరుగుదురు. రెండంగుళాల వెడల్పున్న నూలుపట్టీని అడ్డంగా, నిలువుగా అల్లి బిగించిన మంచం మీద నలుగురు పిల్లలు ఎక్కి గెంతినా పట్టీ తెగదు. మహా అయితే కొన్నాళ్ళకు వదులవుతుంది, మళ్ళీ బిగిస్తాం. బడిలో పెరేడు చేసే పెద్ద పిల్లల నడుముకుండే బెల్టు, బస్తాల్లాంటి సంచుల భుజాల పట్టీలు, మోటారుకార్లలో అడ్డంగా కట్టుకునే పట్టీ, అన్నీ ఆ నవారుకు దగ్గిర చుట్టాలే.

నవారు బలం దాని నేతలో ఉన్నది. మగ్గం మీద నిలువుగా ఉండే దారాలను పడుగు అనీ, అడ్డంగా పోయే దారాన్ని పేక అనీ అంటారు. చొక్కాగుడ్డలో పడుగూ పేకా ఇంచుమించు సమంగా ఉంటాయి. నవారులో అట్లా కాదు. లాగుడు అంతా పొడుగునే వస్తుంది కనక పడుగుదారాలు దట్టంగా, లావుగా ఉంటాయి. పేక వాటిని విడిపోకుండా పట్టి ఉంచుతుందంతే. ఒక దారం తెగితే దాని పక్కవి ఆ బరువును పంచుకుంటాయి. తోలుబెల్టుకు ఈ సౌకర్యం లేదు. అంచున చిన్న గాటు పడిందా, అది రోజురోజుకూ లోపలికి పాకుతుంది. పైగా తోలుబెల్టుకు రంధ్రాలు పొడవాలి, తెగితే అది ఏదో ఒక రంధ్రం దగ్గిరే తెగుతుంది. నవారుబెల్టుకు రంధ్రాలు పొడవకూడదు. పొడిచారంటే బరువు మోసే పడుగును మీ చేత్తో మీరే కోసినట్టు.

తోలు నుంచి నవారుకు మారడం వెనక చిన్న కథ ఉన్నది. పూర్వం సైనికులు తుపాకీ గుళ్ళను తోలుబెల్టుకు కుట్టిన తోలు గూళ్ళలో పెట్టుకునేవాళ్ళు. గుళ్ళ తొడుగులు ఇత్తడివి. తోలును పదును చెయ్యడానికి వాడే ఆమ్లం ఇత్తడికి తగిలి ఆకుపచ్చటి చిలుము పట్టేది. ఆ చిలుముతో గుండు గూటికి అంటుకుని, కావలసినప్పుడు ఊడి వచ్చేది కాదు. యుద్ధంలో అదెంత ప్రమాదమో చెప్పాలా? ఆన్సన్ మిల్స్ అనే అమెరికా సైనికాధికారి గూళ్ళతో సహా బెల్టును నూలుతో నేయించే పద్ధతి కనిపెట్టాడు. 1899 నుంచి 1902 వరకు జరిగిన దక్షిణాఫ్రికా యుద్ధంలో ఆంగ్లేయుల తోలు సరంజామా పనికిరానిదని రుజువయింది. 1908లో ఆ సైన్యం నడుము బెల్టు నుంచి వీపు సంచి దాకా అన్నిటినీ నూలు నవారుతో చేయించుకున్నది.

నూలుకూ లోపాలున్నాయి. తడిస్తే బిగుసుకుపోతుంది, తొందరగా ఆరదు, వానకాలంలో బూజు పట్టి పుచ్చుతుంది. 1935లో అమెరికాలో వాలెస్ కెరదర్స్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు నైలాను తయారుచేశాడు. 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు పాలియెస్టరును కనిపెట్టారు. ఇప్పుడు అంగళ్ళలో మీరు చూసే నేతబెల్టులలో ఎక్కువ భాగం ఈ రెండిటితోనో, పాలిప్రొపిలీన్ అనే మూడోదానితోనో, లేక నూలుతోనో చేసినవి.

ఏది ఏదో ఎట్లా తెలుస్తుంది? అంగడివాడు అన్నిటినీ "నైలాను" అనే అంటాడు! ఇంట్లో చెయ్యగల పరీక్ష ఒకటి చెబుతాను. బెల్టు కొసన వేలాడే పోగులు చిన్నవి రెండు మూడు కత్తిరించండి. గిన్నెలో నీళ్ళు పోసి ఒక చుక్క సబ్బునీళ్ళు కలపండి. పోగులను వేళ్ళతో నీళ్ళలోనే నలిపి, గాలి బుడగలు పోయాక వదలండి. తేలితే అది పాలిప్రొపిలీన్, ఎందుకంటే అది నీటికన్న తేలిక. మునిగితే నైలానో, పాలియెస్టరో, నూలో. సబ్బు ఎందుకంటారా? పోగుకు అంటుకున్న గాలి బుడగ మునిగే పోగునైనా తేల్చగలదు. సబ్బు కలిపితే బుడగలు వదిలిపోతాయి.

మునిగినవాటిలో తేడా చూడడానికి పెద్దవాళ్ళ చేత ఒక పోగును అంటింపించాలి. ఈ పని మీరు ఒంటరిగా చెయ్యవద్దు, కరిగిన నైలాను చుక్క చర్మానికి అంటుకుంటే ఊడి రాదు. నూలు కాగితం కాలిన వాసన వేసి బూడిద అవుతుంది. నైలానూ, పాలియెస్టరూ ముడుచుకుని కరిగి గట్టి పూసలాగా అవుతాయి. పాలియెస్టరైతే నల్లటి పొగ ఎక్కువ వస్తుంది.

పాలిప్రొపిలీన్ చవక. తడి పీల్చదు, బాగానే ఉంటుంది. కాని ఎండకు త్వరగా పెళుసవుతుంది, తక్కువ వేడికే కరుగుతుంది. ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటే మంచిర్యాల జిల్లాలో ఎప్పుడూ ఎండలో తిరిగే వాడి నడుముకు అది ఎక్కువ కాలం రాదు. నైలాను సాగుతుంది, రాపిడికి బాగా ఓరుస్తుంది, కాని తడిస్తే కొంచెం వదులవుతుంది. పాలియెస్టరు నీళ్ళు దాదాపు పీల్చదు, సాగదు, ఎండకు నైలానుకన్న బాగా నిలుస్తుంది. నన్నడిగితే అడవి నడకకు పాలియెస్టరు లేక నైలాను, బడికి రోజూ కట్టుకునేందుకు నూలుది. నూలు చెమట పీలుస్తుంది, ఒరుసుకోదు.

కొనేటప్పుడు పట్టీని వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. దట్టంగా నేసినదానిలోంచి వెలుతురు రాదు. గోరుతో అడ్డంగా గీకితే దారాలు పక్కకు జరగకూడదు. అంచులు రెండూ చూడండి, చివికేవన్నీ అంచు నుంచే చివుకుతాయి. రెండుగా మడిచి వదిలితే తిరిగి చాపుకోవాలి. కట్టు బిళ్ళ దగ్గిర కుట్టు ఒక్క వరసే ఉంటే తీసుకోవద్దు. నాలుగు పక్కలా చతురంగా కుట్టి, మధ్యలో ఇంటూ గుర్తులాగా కుట్టినది మంచిది, ఒక కుట్టు ఊడినా మిగిలినవి పట్టుకుంటాయి. వెడల్పు ఒకటిన్నర అంగుళం చాలు. అంతకన్న వెడల్పయితే నిక్కరు కొక్కేలలో దూరదు.

ఇక కట్టుబిళ్ళ. రంధ్రాలు లేని పట్టీ జారకుండా ఎట్లా నిలుస్తుంది? ఇది సైన్సుపేజీలో కూడా చెప్పుకోదగిన సంగతి. మారాం చేసే గిత్తను ఆపవలసి వచ్చినప్పుడు మీ ఊళ్ళో ఏం చేస్తారు? పలుపును గుంజకు రెండు చుట్లు తిప్పి కొసను చేత్తో పట్టుకుంటారు. గిత్త ఎంత గుంజుకున్నా చిన్న పిల్లవాడు కూడా ఆపగలడు. తాడుకూ గుంజకూ మధ్య రాపిడి మధ్యరకంగా ఉన్నదనుకుందాం. ఒక్క చుట్టుతో మన పట్టు సుమారు ఆరున్నర రెట్లవుతుంది. రెండు చుట్లతో 13 రెట్లు కాదు, 43 రెట్లు! ఒక్కొక్క చుట్టూ ముందున్నదాన్ని హెచ్చవేస్తూ పోతుంది. ఆయిలర్ అనే గణితవేత్త 18వ శతాబ్దంలో ఈ లెక్క కట్టాడు. నమ్మకం లేకపోతే పెన్సిలుకు దారం చుట్టి, ఒక కొసకు తాళంచెవుల గుత్తి కట్టి, రెండో కొసకు ఒక్క చెవి కట్టి చూడండి. చుట్లు పెంచుతూ పోతే గుత్తి దిగడం మానేస్తుంది.

బెల్టుబిళ్ళలో జరిగేదీ అదే. రెండు రింగుల బెల్టయితే పట్టీని రెండిటిలోంచీ దూర్చి, పైదాని మీదుగా వెనక్కు తిప్పి, కిందిదానిలోంచి మాత్రం ఇవతలికి లాగాలి. నడుము లాగినకొద్దీ పై రింగు పట్టీని నొక్కుతుంది, లాగుడే పట్టుగా మారుతుంది. మీరు ఎదిగినా, భోజనం చేసినా బెల్టును మీకు కావలసినంత సరిచేసుకోవచ్చు. ప్లాస్టికు కట్టుబిళ్ళ తేలిక, ఒక్క నొక్కుతో ఊడుతుంది, కాని దాని మీద కాలు వేస్తే విరుగుతుంది. ఇనుపదానికి ఆ బాధ లేదు గాని మిట్టమధ్యాహ్నం చురుక్కుమంటుంది. చొక్కా లోపల తగలకుండా చూసుకోండి.

కట్టుకోవడం ఎట్లాగో చెప్పక్కర లేదనుకుంటారు. కాని చాలామంది బెల్టును పొట్టకు కడతారు. పట్టీ ఉండవలసిన చోటు తుంటి ఎముకల మీద. ఎముక బరువును మోస్తుంది, పొట్ట మొయ్యలేదు. బిగించాక రెండు వేళ్ళు లోపలికి దూరాలి. నీళ్ళసీసా, చిన్న దీపం తగిలించుకుంటే రెండు పక్కలా సమంగా ఉండాలి. వీపువైపు, వెన్నెముక మీద గట్టి వస్తువేదీ ఉండకూడదు, వెల్లకిలా పడితే మొదట అదే గుచ్చుకుంటుంది. మిగిలిన కొసను బెల్టులోకి దోపండి. అడవిలో కొమ్మకు తగులుకుంటే నవ్వుకుంటాం. కాని సైకిలు గొలుసులో, నూర్పిడి యంత్రంలో, నీటిపంపు చక్రంలో వేలాడే కొస చిక్కుకుంటే మనిషినే లోపలికి లాగుతుంది. ఇప్పుడే చెప్పాం, గట్టి నవారు తెగదు. అటువంటిచోట అది తెగకపోవడమే ప్రమాదం. అమ్మలూ, నాయనలూ ఈ వాక్యం రెండుసార్లు చదవాలి.

లక్సెట్టిపేట నుంచి గోదావరి వెంబడి తూర్పుగా పోతే మంచిర్యాల, అటుపైన శ్రీరాంపూర్, మందమర్రి బొగ్గుగనులు వస్తాయి. గనిలోకి దిగేవాడి బెల్టు చూశారా? టోపీకి ఉండే దీపానికి కావలసిన బ్యాటరీ ఆ బెల్టుకే వేలాడుతుంది. గనిలో విషవాయువు వ్యాపిస్తే కాసేపు ఊపిరి పీల్చుకునేందుకు ఉపయోగపడే డబ్బా కూడా దానికే. వెనకటి బ్యాటరీలలో సీసమూ గంధకికామ్లమూ ఉండేవి, ఒక్కొక్కటి రెండు కిలోల పైన తూగేది. ఆమ్లం ఒలికితే నూలూ నైలానూ రెండూ తినేయబడతాయి. ఇప్పుడు తేలికయిన లిథియం బ్యాటరీలు వచ్చాయి. మీ ఇంట్లో ట్రాక్టరు బ్యాటరీ ఉంటే మీ బెల్టును దాని దగ్గిర పెట్టకండి. ఆమ్లం పడిన పట్టీ చూడడానికి బాగానే ఉంటుంది, లాగినప్పుడు తెలుస్తుంది.

కవ్వాల్ వెళ్ళే అబ్బాయికి ఇంతవరకు చెప్పినది చాలు. జన్నారం దారిన పోతే వచ్చే ఆ టేకు అడవి 1965లో అభయారణ్యం అయింది, 2012లో పులుల రక్షిత ప్రాంతం అయింది. అక్కడ బెల్టుకు గలగలలాడే గొలుసులూ, గంటలూ తగిలించుకుని పోయేవాడికి జింక తోక కూడా కనపడదు.

ఇప్పుడు మోకు. ఇతర జిల్లాల పిల్లల కోసం రెండు మాటలు చెప్పాలి. తెలంగాణలో తాటిచెట్టు ఎక్కి కల్లు గీసేవాళ్ళకు మూడు ముఖ్యమైన సాధనాలున్నాయి. చెట్టునూ మనిషి నడుమునూ కలిపి చుట్టే లావుపాటి తాడు మోకు. పాదాలకు వేసుకునే బంధం గుజి. కత్తులూ, లొట్టీ తగిలించుకునేందుకు నడుముకు కట్టేది ముస్తాదు. ముస్తాదు బెల్టు పని చేస్తుంది, మోకు ప్రాణం కాస్తుంది. రెండు పనులకూ రెండు వేరు వేరు సాధనాలుండాలని వాళ్ళు ఏనాడో కనిపెట్టారు. అంగట్లో బెల్టు కొని "దీంతో వేలాడచ్చు" అనుకునే పట్నం పిల్లలకు ఆ తెలివి లేదు.

మోకు ఎట్లా పని చేస్తుంది? గీతకార్మికుడు వెనక్కు వాలతాడు. పాదాలు చెట్టును ముందుకు తంతాయి, మోకు అతని నడుమును చెట్టువైపు లాగుతుంది. ఎంత వాలితే అంత బిగింపు, అంత రాపిడి. పైకి జరగాలంటే ఒక్క క్షణం చెట్టుకు దగ్గిరగా వంగుతాడు, మోకు వదులవుతుంది, దాన్ని ఎగరేసి పైకి జరుపుతాడు. మన బెల్టుబిళ్ళలో, గిత్త పలుపులో ఉన్న సూత్రమే ఇదీ. ఏ బడిలోనూ నేర్చుకోకుండా ఆ లెక్కను ఒంటితో చేసేవాడు మీ బాపు, అబ్బాయీ. ఆయన నవ్వడంలో తప్పు లేదు. గట్టిదనం మాటకు వస్తే మంచి మోకు అంగట్లో దొరికే ఏ బెల్టుకన్నా గట్టిదే.

కాని తాడు గట్టిగా ఉంటే చాలదు. మోకులో మూడు చిక్కులున్నాయి. ఒకటి, వాలినంతసేపే పట్టు ఉంటుంది. కాలు జారి ఒళ్ళు చెట్టుకు దగ్గిరయితే పట్టు పోతుంది, వానకు చెట్టు నానితే రాపిడి తగ్గుతుంది. రెండు, గరుకు మాను మీద రోజుకు ఎన్నోసార్లు ఒరుసుకుని లోపలి పోగులు తెగుతాయి, పైకి కనపడదు. మూడోది అన్నిటికన్నా పెద్దది. మోకు మనిషిని ఒక్క నడుము దగ్గిరే పట్టుకుంటుంది. కాళ్ళు పట్టు తప్పితే ఒళ్ళు నడుము దగ్గిర తిరగబడుతుంది. తాటిచెట్టు మీద తలకిందులుగా వేలాడుతున్న మనిషిని ఊరివాళ్ళు దింపారని పత్రికలలో చదువుతూ ఉంటాం. అది మోకు తెగడం వల్ల వచ్చిన ప్రమాదం కాదు.

ఒక లెక్క చూడండి. 15 మీటర్ల ఎత్తు నుంచి పడితే నేలకు చేరడానికి రెండు సెకండ్లు కూడా పట్టదు. నేలను తాకేసరికి వేగం గంటకు 60 కిలోమీటర్లు దాటుతుంది. పోనీ నడుముకు ఒక గట్టి పట్టీ ఉండి, ఒక్క మీటరు పడగానే ఆపిందనుకోండి. 5 సెంటీమీటర్లలో టక్కున ఆగితే ఒంటి మీద పడే లాగుడు మనిషి బరువుకు 21 రెట్లు. 50 కిలోల మనిషికి అది వెయ్యి కిలోల పైనే! పట్టీ తెగకపోయినా లోపలి అవయవాలు ఓర్చుకోలేవు. అదే పట్టీ, తాడూ కొంత సాగి అర మీటరులో ఆపితే లాగుడు మూడు రెట్లకు దిగుతుంది. అందుకే ప్రాణం కాసే తాడుకు బలంతో పాటు సాగడం కూడా కావాలి. అందుకే పడేవాడిని ఆపడానికి ఒట్టి నడుముబెల్టును వాడకూడదని అమెరికాలో 1998 జనవరి 1 నుంచి నిషేధించారు.

కొండలెక్కేవాళ్ళు కట్టుకునేది ఒట్టి నడుముబెల్టు కాదు. నడుముకు ఒక వెడల్పాటి పట్టీ, రెండు తొడలకు రెండు పట్టీలు, మూడిటినీ కలిపే ముందు కట్టు. పడితే బరువులో ఎక్కువ భాగం తొడలు మోస్తాయి, మనిషి ఉయ్యాలలో కూచున్నట్టు నిటారుగా ఉంటాడు. ఆ నవారు మీద ఒక్కొక్కప్పుడు రంగుగీతలుంటాయి. యూరపు ప్రమాణం ప్రకారం ఒక్కొక్క గీత సుమారు 500 కిలోల బలానికి గుర్తు. మూడు గీతలుంటే 1500 కిలోలు. అంత బలం ఎందుకో పై లెక్క చూసినవాళ్ళకు చెప్పక్కరలేదు.

నిజామాబాదు జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు శిఖరం ఎక్కింది. అప్పటికి ఆమెకు పధ్నాలుగేళ్ళు నిండలేదు. ఆనాటికి ఆ శిఖరం ఎక్కిన బాలికలలో అందరికన్న చిన్నది ఆమే. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన సాధనపల్లి ఆనంద్ కుమార్ ఆమెతో కూడా ఎక్కాడు. వాళ్ళ మొదటి పాఠాలు భువనగిరి గుట్ట మీద జరిగాయి. మంచుకొండ మీద తాడుకు వాళ్ళను పట్టి ఉంచినవి తొడలకూ నడుముకూ కట్టిన ఈ పట్టీలే.

2024 జూలై 14న రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో తెలంగాణ ప్రభుత్వం గీతకార్మికులకు "కాటమయ్య రక్షణ కవచం" అనే పేరుతో పట్టీలూ, తాళ్ళూ, కొక్కేలూ ఉన్న సామగ్రిని ఇవ్వడం మొదలుపెట్టింది. కాటమయ్య గౌడుల కులదైవం. అబ్బాయి ఇంట్లో గోడకు వేలాడుతున్నది అదే అయి ఉంటుంది. కొండలెక్కేవాళ్ళ సూత్రమే తాటిచెట్టుకు అమర్చారు.

అయితే బాపు చెప్పినదాంట్లో నిజం లేకపోలేదు. కల్లు మనకోసం ఆగదు. పొద్దునా సాయంత్రమూ చెట్టెక్కి గీత పెట్టాలి, లొట్టి మార్చాలి. చెట్టుకు ఐదు నిమిషాలు ఎక్కువయితే ఎనిమిది చెట్లకు నలభై నిమిషాలు. అది కూలి డబ్బులు పోయే సంగతి, బద్ధకం అనకూడదు. కాని కొత్త సాధనం మొదటి పది రోజులు అందరినీ ఆలస్యం చేస్తుంది. సైకిలు నేర్చుకున్న వారంలో నడిచిపోవడమే త్వరగా అనిపించలేదూ? శిక్షణ ఇచ్చినవాళ్ళను అడిగి, మనిషెత్తు లోపలే, ఇంటి దగ్గిరి పొట్టిచెట్టు మీద, పొద్దుటిపూట గిరాకీ లేనప్పుడు నాలుగు రోజులు అలవాటు చేసుకుంటే కొక్కెం ఎక్కడ తగిలించాలో చెయ్యి దానంతట అదే వెతుక్కుంటుంది. వానరోజులలోనూ, ఎత్తయిన చెట్లకూ ముందు మొదలుపెట్టమను. మోకును పారెయ్యమని ఎవరూ అనరు.

ఇంకొక సంగతి ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. పట్టీలు కట్టుకున్న మనిషి పడి, కదలకుండా వేలాడుతూ ఉంటే కూడా ప్రమాదమే. కాళ్ళలోని నెత్తురు పైకి రాక స్పృహ తప్పవచ్చు. వెంటనే కిందికి దింపాలి. దింపేవాళ్ళు వచ్చేదాకా వేలాడేవాడు కాళ్ళు ఆడిస్తూ ఉండాలి. అందుకని దూరపు తోటకు ఒంటరిగా పోకుండా, ఏ చెట్ల వైపు పోతున్నదీ చెప్పి పోవడం మంచిది. ఆ కబురు ఇంట్లో ఉంచుకోవడం నీ పని, అబ్బాయీ.

పట్టీలు గోడకే ఉన్నా వాటిని నువ్వు చూస్తూ ఉండవచ్చు. కిటికీ ఎండ తగులుతున్నదా? ఎలుక కొరికిందా? పొయ్యి పొగ, దీపం వేడి తగిలే చోటా? మెరిసే గట్టి మచ్చ కనిపిస్తే అక్కడ పోగులు కరిగాయన్నమాట. మురికయితే చల్లటి నీళ్ళలో కొంచెం సబ్బుతో కడిగి నీడన ఆరెయ్యి, పిండవద్దు, ఇస్త్రీ చెయ్యవద్దు. ముడి వేసి కుదించవద్దు, ముడి దగ్గిర నవారు బలంలో మూడోవంతు నుంచి సగం దాకా పోతుంది. ఒకసారి మనిషి పడగా ఆపిన పట్టీని మళ్ళీ వాడకూడదు. గాటు పడినదాన్ని కూడా ఇంట్లో సూదీదారంతో కుట్టుకోకూడదు. అటువంటిది వస్తే మార్చమని అడగాలి.

నువ్వు కవ్వాల్ కోసం కొన్న బెల్టు మాత్రం నీ నిక్కరుకూ, నీళ్ళసీసాకూ. దానితో కొమ్మకు వేలాడవద్దు, బావిలోకి దిగవద్దు, స్నేహితుణ్ణి పైకి లాగవద్దు. అన్నట్టు, నీళ్ళగిన్నెలో నీ బెల్టు పోగు తేలిందో మునిగిందో రాయి. తతిమ్మా పిల్లలు కూడా రాయండి. ఏ ఊళ్ళో ఏ రకం బెల్టులు ఎక్కువ అమ్ముతున్నారో అంతా కలిపి వచ్చే నెల పట్టిక వేద్దాం.